కింది ఇంటి సంతకం

ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మా ఇంట్లో టీవీ ఆపేస్తాం. న్యూజిలాండ్ వచ్చిన ఆరేళ్లుగా ఇదే వరస. మా ఆవిడ ఫోను తీసుకుని పడకగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. అప్పటికి బెంగళూరులో పొద్దున పదకొండు దాటి ఉంటుంది. అక్కడ ఒక ముసలావిడ నల్లటి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోనెత్తుతుంది. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకుంటారు. ఏం మాట్లాడుకుంటారో నేను అడగను. అడిగే మొహం నాకు లేదు.

ఈ మధ్య ఒక ఆదివారం అటువైపు ఫోను ఎత్తలేదు. రెండోసారి చేసినా ఎత్తలేదు. మూడోసారి ఎవరో మగమనిషి ఎత్తి, అజ్జి పోయి నాలుగు రోజులైందని కన్నడంలో చెప్పి పెట్టేశాడు. మా ఆవిడ బయటికొచ్చి సోఫా అంచున కూర్చుంది. చాలాసేపు ఏడవలేదు.

"వినే మనిషి పోయింది" అంది చివరికి, నా వైపు చూడకుండా.



ఆమె పేరు నాకు తెలుసు. గుండ్రటి కన్నడ అక్షరాల్లో, ఒక్కో అక్షరానికీ ఆగి ఊపిరి పీల్చుకుంటూ, ఆమె ఆ పేరు రాయడం చాలాసార్లు చూశాను. సందులో సగం మంది కాగితాల మీద ఆ పేరుంది. నా కాగితం మీద లేదు. అందుకే ఇక్కడా రాయను. అందరూ అవ్వ అనేవాళ్లు, నేనూ అవ్వ అంటాను.

సర్జాపుర రోడ్డు పొడుగునా పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి గాని, వాటి వెనక పాత ఊరి సందులు అలాగే మిగిలాయి. అలాంటి ఒక సందులో మూడంతస్తుల ఇల్లు. పొద్దున తాళం వేసి సాయంత్రం తాళం తీసేవాళ్లే అన్ని వాటాల్లోనూ. నేను జిగణిలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేసేవాణ్ణి. వచ్చిన సరుకు చూసి బాగుందనో బాగాలేదనో చీటీ అంటించడం నా పని. మా ఆవిడ బెళ్ళందూరు దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సు. మాది ఒంగోలు వైపు. ఇంకెవరినీ ఎరగం. ఆదివారం తెలుగు చర్చికి వెళ్లడం, వచ్చి అన్నం తిని నిద్రపోవడం, మాకు తెలిసిన బెంగళూరు అంతే.

అవ్వ సరిగ్గా మా కింది వాటాలో ఉండేది. వాళ్లది ఎన్నో తరాల నుంచి బెంగళూరే. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బయట కన్నడం మాట్లాడుతుంది, రాత మాత్రం కన్నడమే. గుమ్మం ముందు పీట వేసుకుని, వీధికి వీపు పెట్టి ఊదుబత్తులు చుట్టేది. వెదురు పుల్ల మీద నల్లటి ముద్ద అద్ది అరచేత్తో ఒక్క తోపు తోస్తే బత్తి తయారు. ఇంట్లో మాత్రం ఒక్కటి కూడా వెలిగించేది కాదు.

"పగలంతా పీల్చేది చాలదా అప్పా, మళ్ళా కాల్చి పీల్చల్లా?" అనేది.

టీవీ లేదు. మా పాతది ఇస్తానని మా ఆవిడ అంటే వద్దంది. "శబ్దం అడ్డమొస్తాది పాపా" అంది. దేనికి అడ్డమో మాకు కొన్నాళ్లకు గాని అర్థం కాలేదు. ఆమె మనుషుల్ని కళ్లతో చూసేది కాదు. పైన నడిచే కాళ్లు, కుక్కరు కూతలు, మంచం జరిపే చప్పుడు, బక్కెట్లో పడే నీళ్లు, వీటితోనే ఆమెకు ఇల్లంతా తెలిసేది. నేను వెనక నుంచి మెట్ల దగ్గరికి వస్తుంటే తల తిప్పకుండానే పలకరించేది.

"ఏమప్పా, ఎడమ కాలు ఈడుస్తా ఉండావే?"

కొత్త బూటు కరిచింది. అది మా ఆవిడకు కూడా ఇంకా తెలియదు.

ఇంకోసారి మా ఆవిడతో, "మీ మీదింట్లో ఆ కొత్త పాప అన్నం తినేది తగ్గించింది. కంచం కడిగే చప్పుడు రెండు దినాలుగా లేదు. పోయి చూడు" అంది. వెళ్లి చూస్తే ఆ అమ్మాయికి ఒళ్లు కాలిపోతున్న జ్వరం. అప్పట్నుంచి మా ఆవిడకు అవ్వంటే ప్రాణం. నాకు మాత్రం కొంచెం చిరాకుగా ఉండేది. ఇంట్లో కాలు కదిపినా కింద ఎవరో లెక్కపెడుతున్నట్టు ఉంటే ఎవరికి బావుంటుంది?

ఆ సందులో మాలాంటివాళ్లకు ఆమెతో అసలు పని పడేది పీసీసీ దగ్గర. భార్య దగ్గరికో భర్త దగ్గరికో విదేశం వెళ్లాలంటే స్పౌజ్ వీసా కావాలి. దానికి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. ఈ మనిషి మీద కేసుల్లేవు, నడవడి మంచిది అని పోలీసులు ఇచ్చే కాగితం అది. మా స్టేషన్ నుంచి అయితే కానిస్టేబుల్ ఇంటికే వచ్చేవాడు. ఇరుగుపొరుగులో ఇద్దరు, ఈ మనిషిని మేం ఎరుగుదుం అని సంతకం చేసి ఆధార్ జిరాక్స్ ఇవ్వాలి. ఎదురువాటా వాళ్ల మొహం కూడా సరిగ్గా తెలియని మాకు అదే పెద్ద గండం. అందుకని అందరికీ ఆ ఇద్దరే. ఒకరు అవ్వ, ఇంకొకరు పక్కన చిల్లర అంగడి ఆయన. అంగడాయన ఒక చేత్తో బెల్లం తూస్తూ రెండో చేత్తో గీకేసేవాడు. మనిషెవరో తలెత్తి చూసేవాడు కాదు.

అవ్వ తీరు వేరు. ముందు లేచి చేతులు కడుక్కునేది. సబ్బు పెట్టి మూడుసార్లు రుద్దేది. ఎంత రుద్దినా గీతల్లో నలుపు పోదు, కాగితం అంచున వేలిముద్ర పడనే పడుతుంది. ఈ సందు ఫైళ్లన్నీ పూజగదిలా వాసనొస్తాయని కానిస్టేబుల్ నవ్వేవాడు. తర్వాత అతణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టేది.

"ఈ పాప నాలుగున్నరకు లేస్తాది. కుక్కరు మూడు కూతలు. ఆరుకు మెట్లు దిగతాది. సాయంత్రం వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడతాది, నవ్వతాది. గలాటె లేదు. రాసుకోప్పా."

"ఇష్టెల్లా బేడ అజ్జీ, ఇంత పురాణం వద్దు. సైన్ పెడితే సాకు, చాలు" అనేవాడు ఆ కానిస్టేబుల్, వచ్చీరాని తెలుగులో.

"నీకు చాలప్పా. నాకు చాలల్ల కదా? సంతకమంటే సుమ్మనే గీకేది కాదు, జామీను. రేపు ఆ మనిషి ఏమన్నా చేస్తే నన్ను వచ్చి అడగల్ల."

ఎవరొచ్చి అడుగుతారు? మేం పైనుంచి చూసి నవ్వుకునేవాళ్లం.

ఆమె గురించి అంగడాయన చెప్పే కథ ఒకటి ఉండేది. ఎవరు కొత్తగా అద్దెకు వచ్చినా చెప్పేవాడు, నాకూ చెప్పాడు. మాకంటే ముందు మా వాటాలోనే ఒక జంట ఉండేవాళ్లట. ఆ అమ్మాయి కూడా నర్సే. తను ముందు విదేశం వెళ్లి కుదురుకుని, భర్తను తీసుకుపోదామని సెలవు మీద వచ్చింది. అతని పీసీసీకి అవ్వే సంతకం చేసింది. వాళ్లు వెళ్లిపోయిన కొన్ని నెలలకు అవ్వ ఉతికిన చీర కట్టుకుని స్టేషన్‌కు వెళ్లి నిలబడిందట.

"ఆ పొద్దు నేను పెట్టిన సంతకం నాకు వాపస్సు ఇయ్యండప్పా" అని అడిగిందట.

చెప్తూ చెప్తూ అంగడాయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. స్టేషన్లో కూడా అలాగే నవ్వి, టీ తెప్పించి ఇచ్చారట. టీ ముట్టుకోలేదట. పై వారం మళ్లీ వెళ్లింది. ఆ పై వారం మళ్లీ. వాడు మంచోడు కాదు, ఆ పాపకు ఏమయిందో కనుక్కోండి అందట. చివరికి స్టేషన్ రైటర్‌కు విసుగొచ్చి, "మంచోడని సంతకం పెట్టింది నువ్వే, కాదనేదీ నువ్వేనా? ఏ మాట నమ్మేది అజ్జీ?" అని పంపేశాడట.

"అంగట్లో తీసుకున్న సబ్బు వాపసిచ్చినట్టు సంతకం వాపసడిగింది సార్" అన్నాడు అంగడాయన. నేనూ నవ్వాను. ఆ అమ్మాయికి ఏమైందని నేనూ అడగలేదు.

కొన్నాళ్లకు మా ఆవిడకు న్యూజిలాండ్‌లో ఉద్యోగం వచ్చింది. ముందు తను వెళ్లడం, తర్వాత స్పౌజ్ వీసా మీద నేను వెళ్లడం అనుకున్నాం. ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు మా ఇద్దర్నీ ముందుకు పిలిచి ప్రార్థన చేశారు. బయటికొస్తుంటే మెట్ల దగ్గర ఒకాయన నా భుజం తట్టి, "ఇంకేమయ్యా, నువ్విక డిపెండెంట్‌వి" అన్నాడు. పరాచికానికే అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆటోలో ఇంటికొచ్చే దాకా ఆ మాట నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నం అన్నాలు అయ్యాక కంచాలు తీస్తూ మా ఆవిడ, "అక్కడ నాకు షిఫ్టులు. మీరు వంట నేర్చుకోవాలి మరి" అంది. నవ్వుతూనే అంది. నేను లేచి తోశాను. తోశాను, అంతే అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అంతే కాదు. ఆమె గిన్నెల స్టాండుకు తగిలి పడింది, గిన్నెలన్నీ పడ్డాయి. లేవబోతుంటే చెంప మీద కొట్టాను.

ఆమె అరవలేదు. గోడ పట్టుకుని వంటగదిలోకి వెళ్లి మిక్సీ పెట్టింది. జారులో ఏమీ లేదు. ఏదైనా వేస్తే మిక్సీ శబ్దం బరువుగా, ముద్దగా వస్తుంది. ఉత్త మిక్సీ అలా కాదు, పల్చగా గీపెడుతుంది. దాని పక్కన నిలబడి, అది తిరిగినంతసేపూ ఏడ్చింది. స్విచ్చి ఆపేటప్పటికి ఏడుపు ఆపుకుంది. మొహం కడుక్కుని గిన్నెలు ఒక్కొక్కటే తీసి పైన పెట్టింది. నేను మంచం మీద కూర్చుని అదంతా వింటూ ఉన్నాను. మూడో రోజు క్షమించమని అడిగితే తలూపింది. నెల తిరక్కుండా న్యూజిలాండ్ వెళ్లిపోయింది.

ఏడెనిమిది నెలలకు నా వీసా పని మొదలైంది. పీసీసీకి అప్లై చేసి, సాయంత్రం అవ్వ దగ్గరికి వెళ్లి రేపో ఎల్లుండో కానిస్టేబుల్ వస్తాడని చెప్పాను.

"కూర్చోప్పా" అంది.

మెట్టు మీద కూర్చున్నాను. ఒక బత్తి చుట్టి పక్కన పెట్టింది. ఇంకో పుల్ల తీసింది.

"ఆ పొద్దు, ఆదివారం మద్యాన్నం, గిన్నెలు పడినాయే. ఆ పొద్దు మిక్సీలో ఏమేసినారు?"

ఏ ఆదివారం అని నేను అడగలేదు. తప్పు చేయనివాడైతే ముందు ఆ మాట అడుగుతాడు.

"కొబ్బరండి" అన్నాను. "కొబ్బరి పచ్చడికి."

ఆమె చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను చూసింది. ఆమె అలా తలెత్తి నా మొహం చూడటం అదే మొదలు. కళ్లలో కోపం లేదు. నేను ఇంకేమైనా చెప్తానేమో అని ఆగినట్టుంది. నేను చెప్పలేదు.

"సరే, పోప్పా" అని మళ్లీ పుల్ల అందుకుంది.

ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఏం చేసేదో నాకు తెలియదు. ఈ సంగతి ఆలోచించని వారం లేదు.

మర్నాడు పొద్దున కానిస్టేబుల్ వచ్చాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జిరాక్సులన్నీ ఫోల్డర్లో పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. అతను బండి స్టాండు వేసి, అలవాటుగా అవ్వ పక్కన మెట్టు మీద కూర్చుని, కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

అవ్వ చేతులు కడుక్కోవడానికి లేవలేదు.

"మీ పైమనె ఆయన, అజ్జీ. సైన్" అన్నాడు నన్ను చూపిస్తూ.

"నాకు తెలీదప్పా, ఈయప్ప."

కానిస్టేబుల్ నవ్వబోయి ఆగాడు. "మీ నెత్తి మీదే ఉన్నాడు కదజ్జీ? నాలుగేళ్లాయితు అంటున్నాడు."

"ఉండాడు. నాకు తెలీదు."

ఆ సందులో పిల్లి నడిస్తే ఏ పిల్లో చెప్పే మనిషి ఆమె. ఆ సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు. కాగితం ఒళ్లో పెట్టుకుని నా వైపు చూశాడు. అతను ఒక్క ప్రశ్న అడిగితే ఏమయ్యేదో. అడగలేదు. సంచిలో ఇంకా ఫైళ్లున్నాయి.

"బేరే యారాదరూ నోడి సార్. ఇంకెవరినైనా చూసుకోండి" అన్నాడు లేస్తూ.

అంగడాయన ఎప్పట్లాగే గీకేశాడు. రెండో సంతకానికి పక్క సందులో ఉండే తన బావమరిదిని కేకేశాడు. ఆయన నన్ను అంతకుముందు చూసింది లేదు. నా పేరేమిటని అడిగి, ఎరుగుదునని సంతకం చేశాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది. ఆ ఊరు మొత్తంలో నన్ను ఎరిగిన మనిషి ఒక్కతే, ఆమె చేయలేదు. ఎరగనివాళ్లిద్దరూ చేశారు. సర్టిఫికెట్ వచ్చింది. నా గురించి చెడుగా చెప్పదగ్గది ఏదీ లేదని రాసి, కింద ముద్ర కొట్టి ఇచ్చారు.

ఆ సాయంత్రం ఫోన్లో మా ఆవిడ మీద చిందులు తొక్కాను. "మీ అవ్వ ఎంత పనిచేసిందో తెలుసా? నేనెవరో తెలియదంది! పోలీసు ముందు నా పరువు తీసింది."

అవతల చప్పుడు లేదు. లైను పోయిందేమో అని హలో హలో అన్నాను.

"ఉన్నాను" అంది. "అవ్వను ఏమీ అనకండి."

బయల్దేరే రోజు సూట్‌కేసులు దించుతుంటే అవ్వ పీట మీదే ఉంది. పలకరించకుండా దాటిపోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

"ఆడ మీకు కింద ఎవురన్నా ఉండారా అప్పా?"

"లేరవ్వా. విడి ఇల్లు. చెక్కతో కట్టింది."

"కింద మన్నేనా?"

"అవునవ్వా."

"పక్కింటోళ్ళు?"

"దూరం. మధ్యలో తోట."

ఆమె చేతిలో ఉన్న బత్తి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని మిగతావాటి పక్కన పెట్టి, "ఆదివారం ఆదివారం ఆ పాపను నాకు ఫోన్ చెయ్యమను" అంది.

అలాగేనన్నాను. వెళ్లాక మా ఆవిడకు ఆ మాట చెప్తే, అప్పటికే చేస్తున్నానంది.

ఇక్కడికి వచ్చాక నేను చెయ్యి ఎత్తలేదు. ఈ మాటకు నేనెవరి సంతకమూ అడగడం లేదు, నమ్మినవాళ్లు నమ్మొచ్చు. ఇది నా మంచితనం అని కూడా అనను. మా ఇంట్లో చెక్క నేల, అడుగు గట్టిగా పడితే కిర్రుమంటుంది. కోపంతో లేచినప్పుడల్లా ఆ కిర్రు వినబడేది. కింద మట్టిలో అవ్వ పీట వేసుకుని, వీపు తిప్పి కూర్చుని వింటున్నట్టు ఉండేది. నా గొంతు దానంతటదే దిగిపోయేది. ఒక్కోసారి ఆమె మీద పళ్లు కొరుక్కున్నాను. ఇన్ని సముద్రాలు దాటి వచ్చినా ఈ ముసలిదాని కాపలా తప్పలేదే అనుకున్నాను. ఆదివారం తలుపు వెనక మా ఆవిడ నవ్వు వినబడే దాకా మాత్రం నాకు ముద్ద దిగేది కాదు.

అవ్వ పోయిందని తెలిసిన ఆదివారం, మా ఆవిడ సోఫాలో కూర్చుని ఆరేళ్లుగా చెప్పనిది చెప్పింది.

"మనకంటే ముందు ఆ వాటాలో ఉన్నమ్మాయి కూడా మిక్సీయే పెట్టేదట. రోజూనట. కింద అవ్వకు వినబడేదట, ఉత్తది తిరగడం. కానిస్టేబుల్ వచ్చే ముందు ఆ అమ్మాయే కిందికొచ్చి, చేతులు పట్టుకుని సంతకం పెట్టమని బతిమాలిందట. గలాటె లేదు రాసుకో అని అవ్వ చెప్పింది. వెళ్లాక మూడు ఆదివారాలు ఫోన్ చేసింది ఆ అమ్మాయి. నాలుగో ఆదివారం నుంచి లేదు. ఇంతవరకూ లేదు."

మా ఆవిడ ఫోను ఒళ్లోకి తీసుకుంది.

"ఆదివారం పదకొండు నుంచి పన్నెండు దాకా అవ్వ బత్తులు చుట్టదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఆ అమ్మాయి కోసం కూర్చుంటుంది. నేను చేసేది ఆ గంటలోనే."

"నీ ఫోను రాకపోతే ఏం చేస్తానంది?" అని అడిగాను.

"స్టేషన్‌కు పోతానంది. పోయినసారి నువ్వే కదా సంతకం పెట్టావని పంపేశారు, ఈసారి నేను పెట్టలే, నా నోరు కట్టేసుకోలే అంది."

అప్పుడు ఏడ్చింది మా ఆవిడ. మిక్సీ పెట్టుకోకుండా, నా ముందే, గట్టిగా ఏడ్చింది. దగ్గరికి వెళ్లాలనిపించింది. వెళ్లలేదు.

పోయిన నెల తమ్ముడి కూతురి బాప్తిస్మానికి సెలవు మీద నేనొక్కణ్ణే ఇండియాకు వెళ్లాను. మా రెసిడెన్సీకి పాత పీసీసీ చెల్లదు, కొత్తది కావాలన్నారు. పాస్‌పోర్ట్ మీద చిరునామా ఇంకా ఆ ఇంటిదే ఉండటంతో మళ్లీ ఆ సందుకే వెళ్లాల్సి వచ్చింది. కానిస్టేబుల్ కొత్తవాడు, తెలుగు బాగానే మాట్లాడాడు.

"ఇక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరున్నారు సార్?"

"ఒకామె ఉండేది. ఆమెకు బాగా తెలుసు."

"పిలవండి."

"పోయింది."

అతను వాచీ చూసుకున్నాడు. అంగడాయన ముసలివాడయ్యాడు గాని గీకడం అలాగే ఉంది. అవ్వ ఉన్న వాటాలో ఇప్పుడు ఇద్దరు స్నేహితులు ఉంటున్నారు. వాళ్లలో ఒకతను చెవిలో ఇయర్‌ఫోన్ తీయకుండానే రెండో సంతకం చేశాడు. కానిస్టేబుల్ బండెక్కి వెళ్లిపోయాడు. నేను ఒక నిమిషం ఆ గుమ్మం ముందు నిలబడ్డాను. గోడలకు రంగు మార్చారు. పీట వేసుకునే చోట సిమెంటు మాత్రం ఇంకా నల్లగానే ఉంది.

అప్పుడు పైన, ఒకప్పటి మా వాటాలో, ఏదో పడిన చప్పుడైంది. వెంటనే మిక్సీ మొదలైంది.

మధ్యాహ్నం వేళ, ఏ ఇంట్లోనైనా మిక్సీ తిరుగుతుంది. ఏదో వేస్తారు, శబ్దం బరువెక్కుతుంది, అప్పుడు వెళ్దాం అనుకున్నాను. ఎంతసేపు నిలబడ్డా బరువెక్కలేదు. పల్చగా గీపెడుతూనే ఉంది. ఇయర్‌ఫోన్ అతను నన్ను వింతగా చూసి తలుపేసుకున్నాడు.

మెట్లెక్కి బెల్లు నొక్కాను. మిక్సీ ఆగింది. కొంతసేపటికి తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఒక అమ్మాయి. అప్పుడే కడుక్కున్న మొహం, తుడుచుకోలేదు.

"ఎవరండీ?" అంది. తెలుగే.

"కింద ఒక అవ్వ ఉండేదమ్మా. ఊదుబత్తులు చుట్టేది."

"మాకు తెలియదండి. మేం కొత్తగా వచ్చాం."

"ఆమె అడగమంది" అన్నాను. "మిక్సీలో ఏమేశారని."

ఆ అమ్మాయి తల తిప్పి లోపలికి ఒకసారి చూసింది. మళ్లీ నా వైపు తిరిగింది.

"కొబ్బరండి" అంది.

తలుపు మూసుకుంది. నేను దిగలేదు. ఆ పై మెట్టు మీదే కూర్చున్నాను.